ముందు బురదను చూడండి

(కాకినాడ తీరంలో శీతకాలపు పక్షులను చూడటానికి వెళ్లే ముందు రోజు, కొత్తగా చేరినవారి కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

రేపు పొద్దున్న ఆరింటికల్లా బీచిలో కలుద్దామని మీ గ్రూపులో మెసేజీ తిరుగుతోందట. ఆ టైము మార్చుకోండి. పొద్దున్నే లేవడం మంచి అలవాటే, కాదనను. తోటలో పిట్టలకూ అడవిలో పిట్టలకూ అదే సరైన వేళ. కానీ మనది తూర్పు తీరం. పొద్దున ఆరున్నర, ఏడింటికి సముద్రం వైపు తిరిగి నిలబడితే సూర్యుడు సరిగ్గా కళ్లలోకే కొడతాడు. ఎదురుగా ఉన్న తెల్ల కొంగ కూడా నల్లగానే కనిపిస్తుంది. బైనాక్యులర్ పెట్టుకుంటే కళ్లకు ప్రమాదం కూడా. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. అప్పుడు ఎండ మీ వీపు మీద, పిట్ట ముఖం మీద పడుతుంది. కాలి రంగు, ముక్కు రంగు, కంటి రంగు అన్నీ తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. ఇసుక వేడికి గాలి మరిగిపోతుంటే ఎంత ఖరీదైన స్కోపులోనైనా, అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టి చూసే దుర్భిణిలోనైనా, పిట్ట నీళ్లలో తేలుతున్నట్టు వణుకుతూ కనిపిస్తుంది.

ఇక రెండో సంగతి, పోటూ పాటూ, అంటే సముద్రపు నీరు ఎక్కడం, దిగడం. పుస్తకాల్లో పిట్టల బొమ్మలు చూసి బయల్దేరేవాళ్లు దీన్ని పట్టించుకోరు. పాటు పూర్తిగా తీసేసిన వేళ మన కాకినాడ అఖాతంలో బురద ఎంత దూరం బయటపడుతుందో మీలో చాలామందికి తెలుసు. అప్పుడు పిట్టలన్నీ ఆ చివర, నీటి అంచున ఉంటాయి. మీకు చుక్కల్లా కనిపిస్తాయి. చుక్కలకు పేర్లు పెట్టలేం కదా! పోటు ఎక్కుతున్నకొద్దీ నీరు వాటిని మన వైపు తోసుకొస్తుంది. పూర్తి పోటుకు గంట, గంటన్నర ముందు మీరు ఒక చోట కుదురుగా కూర్చుంటే చాలు, అవే నడుచుకుంటూ దగ్గరికొస్తాయి. వాటి వెంట మీరు పడక్కర్లేదు. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి పోయిన ఆదివారం చూసిన వేళ ఈ ఆదివారానికి పనికిరాదు. ఫోనులో పోటు వేళలు చూపించే యాప్‌లున్నాయి, చూసుకోండి. అది లేకపోయినా గోడ మీద క్యాలెండరు ఉందిగా. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో అంత కదలిక ఉండదు. ఇది మన మత్స్యకారుల పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, వేళ కుదిరింది. ఎక్కడికి వెళ్లాలి? పార్కులు కట్టి, లైట్లు పెట్టి, ఇసుక శుభ్రంగా ఊడ్చిన బీచికి వెళ్తే మీకు దొరికేది మొక్కజొన్న పొత్తులు. నిజంగా పిట్టలు కావాలంటే ఫిషింగ్ హార్బరు వైపు, కుంభాభిషేకం రేవు వైపు వెళ్లాలి. అక్కడ కంపు కొడుతుంది. ఎండు చేపల వాసన, డీజిలు వాసన, బురద వాసన. కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. అదే చోట మనం ఎక్కడెక్కడి పేర్లో చదువుకున్న పిట్టలన్నీ దిగుతాయి.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ బురద గురించే. పిట్టల్ని మీరు ఎలాగూ చూస్తారు, పేర్లు నెమ్మదిగా అవే వస్తాయి. బురదను చూడటం ఎవరో ఒకరు చెప్తేగాని అలవాటు కాదు.

మన దగ్గర ఇంత బురద ఎలా వచ్చిందో చూడండి. గోదావరి తెచ్చే ఒండ్రు సముద్రంలో కలుస్తుంది. అల బలంగా ఉన్న చోట సన్నటి మన్ను నిలవదు, కొట్టుకుపోతుంది, బరువైన ఇసుక మాత్రం మిగులుతుంది. అందుకే ఉప్పాడ వైపు మీకు ఇసుక, రాళ్లే కనిపిస్తాయి, కెరటం నేరుగా వచ్చి కొడుతుంది. కాకినాడకు ఎదురుగా మాత్రం హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని ఉంది. పేరుకు దీవేగానీ అది గోదావరి ఒండ్రుతో పెరిగిన ఇసుక మేట, పదిహేను కిలోమీటర్లకు పైగా పొడవు. తుపాను వచ్చినప్పుడు ఊరిని కాపాడేది అదేనని పెద్దవాళ్లు చెప్తారు. నిజమే. 1839లో వచ్చిన తుపాను ఇక్కడికి దగ్గరలోని కోరంగి రేవును ఎలా తుడిచిపెట్టిందో చరిత్రలో ఉంది, కాబట్టి ఆ అడ్డు విలువ మనకు తెలియాలి. ఆ దిబ్బ చేసే ఇంకో పని గురించే మాట్లాడుకోం. దాని చాటున నీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీటిలో సన్నటి మన్ను అడుగుకు దిగుతుంది. దాంతో పాటే మడ అడవిలో రాలి కుళ్లిన ఆకు కూడా చేరుతుంది. అదే ఈ బురద. ఆ కుళ్లును తినడానికి పురుగులు, వానపాము లాంటివి, నత్తలు, గుల్లలు, పీతలు. వాటిని తినడానికి సైబీరియా నుంచీ టిబెట్ నుంచీ పిట్టలు. కోరంగి అభయారణ్యం అంటే మనవాళ్లకు చెక్క వంతెన, బోటు షికారు గుర్తొస్తాయి. 1978లో ప్రకటించిన ఆ అభయారణ్యానికీ ఈ బురదకూ మధ్య పిట్టలకు సరిహద్దు రాయి ఏమీ లేదు. అవి రెండు చోట్లా తిరుగుతాయి.

రేపు మీరు వెళ్లగానే స్కోపు పెట్టి దూరంగా వెతక్కండి. ముందు మీ కాళ్ల దగ్గర బురదను ఐదు నిమిషాలు చూడండి. మొదట ఏమీ ఉండదు. మీరు కదలకుండా ఉంటే చిన్న చిన్న బొరియల్లోంచి పీతలు బయటికొస్తాయి. మగవాటికి ఒక పక్క డెక్క ఒంటికి మించినంత పెద్దది, దాన్ని ఎత్తి ఊపుతుంటాయి. పక్కనే కళ్లు నెత్తి మీదున్న చేప ఒకటి బురద మీద గెంతుతుంటుంది, మడ్‌స్కిప్పర్. మీ నీడ కదిలితే క్షణంలో అన్నీ మాయం. ఇప్పుడు తలెత్తి పిట్టల్ని చూస్తే అవి చేస్తున్న పని అర్థమవుతుంది.

ఒకే పంక్తిలో కూర్చున్నా ఎవరి విస్తరి వాళ్లదే అన్నట్టుంటుంది అక్కడి వ్యవహారం. శాండ్ ప్లోవర్ అని గుప్పెడంత పిట్ట ఉంది. పొట్టి ముక్కు, పెద్ద కన్ను. నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగుతుంది, చూస్తుంది, పొడుస్తుంది. మళ్లీ పరుగు. అది కంటితో వేటాడే పిట్ట, పైకి వచ్చిన పురుగే దానిది. దాని పక్కనే ఇంకా చిన్నది లిటిల్ స్టింట్, తల ఎత్తదు, గబగబా పొడుస్తూ పోతుంది. పొడవాటి ముక్కున్న గాడ్‌విట్‌ను చూడండి, ముక్కు మొదలంటా బురదలో దించేస్తుంది. లోపల చీకటి, కన్ను పనిచేయదు. ముక్కు కొసన స్పర్శ తెలిసే గుంటలుంటాయి, వాటితో పురుగు కదలికను పసిగడుతుంది. అంతేకాదు, ముక్కు మొత్తం తెరవకుండా పై దవడ కొసను మాత్రమే ఎత్తి పురుగును పట్టుకోగలదు. బురదలో దిగబడ్డ ముక్కును మొత్తం తెరవాలంటే ఎంత బలం కావాలో ఆలోచించండి, అందుకే ఆ ఏర్పాటు.

వీటన్నిటిలో నాకు ఇష్టమైంది కర్లూ. వంకర తిరిగిన పొడవాటి ముక్కు, జానెడు దాకా ఉంటుంది. అది పీతను పట్టాక ఏం చేస్తుందో చూడటానికైనా రేపు రావాలి మీరు. మొత్తంగా మింగితే డెక్కలు గొంతులో పడతాయి. అందుకని పీతను ముక్కు కొసన పట్టుకుని అటూ ఇటూ విదిలిస్తుంది. ఒక కాలు ఊడుతుంది, ఇంకోటి ఊడుతుంది. మధ్యలో కింద పెడుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. చివరికి ఒళ్లు మాత్రం మిగిలాక ముక్కు ఎత్తి ఆ పొడవంతా వెనక్కి జార్చుకుంటూ మింగుతుంది. ఊడిన కాళ్ల కోసం ఈలోగా పక్కన ఎవరో ఒకరు కాచుక్కూర్చుంటారు, తరచుగా గల్, అదే సముద్రపు కాకి అంటారే, ఆ తెల్ల పిట్ట.

గల్స్ దగ్గరికి వద్దాం. కొత్తవాళ్లకు ఇంతకు మించిన గురువులు లేరు. ఒకటి, పెద్ద పిట్టలు. రెండు, మనుషులంటే అంత భయం లేదు. మూడు, బోటు చేప దించుతున్నంతసేపూ అక్కడే తిరుగుతాయి, కాబట్టి తీరిగ్గా చూడొచ్చు. విచిత్రమేంటంటే అనుభవం ఉన్నవాళ్లలో సగం మంది గల్స్ జోలికి పోరు. ‘అబ్బే, అన్నీ ఒకేలా ఉంటాయండీ’ అని స్కోపు పక్కకు తిప్పేస్తారు. ఒకేలా ఉండవు. ఒకే పిట్ట ఏడాదికోలా ఉంటుంది, ఋతువుకోలా ఉంటుంది, అదీ వాళ్ల కష్టం.

మన తీరంలో ఎక్కువగా కనిపించేది బ్రౌన్-హెడెడ్ గల్. ఇది గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్, పామీర్ పీఠభూముల్లో, మూడు వేల మీటర్లకు పైన ఉండే చెరువుల పక్కన. లడఖ్‌లో సో కార్, సో మోరిరి అని విన్నారు కదా, అలాంటి చోట్ల. మనం సముద్రపు పిట్ట అనుకునేది సగం ఏడాది కొండ మీద కాపురం చేసి, చలికి సముద్రానికి దిగుతుందన్నమాట. దసరా నాటికి రావడం మొదలుపెడతాయి. పేరులో ఉన్న గోధుమ రంగు తల కోసం వెతక్కండి, రేపు అది మీకు కనిపించదు. ఇప్పుడు తల తెల్లగా ఉంటుంది, చెవి దగ్గర మసి పూసినట్టు ఒక మచ్చ మాత్రం ఉంటుంది. గోధుమ రంగు మార్చిలో, తిరుగు ప్రయాణానికి ముందు వస్తుంది.

దీనితో కలిసి తిరిగే బ్లాక్-హెడెడ్ గల్ కొంచెం చిన్నది. దానికీ చలికాలంలో అదే తెల్ల తల, అదే మచ్చ. వేసవిలో వచ్చే తల రంగు కూడా నిజానికి నలుపు కాదు, చిక్కటి గోధుమే. పేర్లు పెట్టినవాళ్లను ఏం చేయగలం! రెంటికీ తేడా ఎలా చెప్పాలి? కూర్చున్నప్పుడు కన్ను చూడండి. ఎదిగిన బ్రౌన్-హెడెడ్‌కు కన్ను లేత రంగు, అందుకే కోపంగా చూస్తున్నట్టు ఉంటుంది. బ్లాక్-హెడెడ్‌కు కన్ను నల్లన, సాధువులా కనిపిస్తుంది. కానీ పిల్ల పిట్టలకు రెంటికీ నల్ల కన్నే. అందుకని ఎగిరేదాకా ఆగండి. రెక్క కొస నల్లగా ఉండి అందులో రెండు తెల్ల మచ్చలు అద్దాల్లా మెరిస్తే అది ఎదిగిన బ్రౌన్-హెడెడ్. రెక్క ముందు అంచు పొడుగునా తెల్లటి పట్టీ ఉండి, నలుపు కొసల్లో సన్నగా ఉంటే బ్లాక్-హెడెడ్. రెక్క మీద గోధుమ రంగు ఈకలు, తోక చివర నల్ల పట్టీ కనిపిస్తే అది ఈ ఏడాది పుట్టింది. అంటే నాలుగైదు నెలల వయసులో హిమాలయాల అవతలి నుంచి వచ్చింది.

వీటి మధ్యలో అమాంతం పెద్దది ఒకటి కనిపిస్తుంది, పల్లాస్ గల్. రెక్కలు చాస్తే ఒకటిన్నర మీటర్ల పైమాటే, మన గరుడ పక్షి దాని పక్కన చిన్నబోతుంది. పసుపు ముక్కు, దాని చివర ఎరుపూ నలుపూ పట్టీ. సంక్రాంతి దాటాక తల నల్లబడటం మొదలవుతుంది, కంటి పైనా కిందా మాత్రం తెల్ల గీతలు మిగులుతాయి. అప్పుడు చూడాలి దాని దర్జా! ఇంకో పెద్ద గల్, వీపు ముదురు బూడిద రంగుది, హ్యూగ్లిన్స్ గల్ అంటారు, ఉత్తర రష్యా నుంచి వస్తుంది. ఇలాంటి పెద్ద గల్స్‌కు పెద్దరికపు రంగులు రావడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ ఏ ఏడాదికాయేడు వేషం మారుస్తుంటాయి. రేపు ఒక మచ్చల మచ్చల పెద్ద పిట్టను చూసి మీలో ఎవరికైనా పేరు తెలియకపోతే బెంగ పడకండి. ‘పెద్ద గల్, పిల్ల’ అని రాసుకోండి. అది తప్పు రాయడం కంటే ఎంతో మేలు. ఈమధ్య ఫోను చూపించి, యాప్ ఏ పేరు చెప్తే అది జాబితాలో ఎక్కించేస్తున్నారు. మెర్లిన్ మంచి యాప్, నేనూ వాడతాను. కానీ అది పేరు చెప్పాక ఎందుకని అడగండి. కన్నా, రెక్కా, ముక్కా? జవాబు మీకు కనిపించకపోతే ఆ పేరు ఇంకా మీది కాదు.

ఆ హ్యూగ్లిన్స్ ముక్కు కింది దవడ మీద ఒక ఎర్ర చుక్క ఉంటుంది. నికో టిన్‌బర్గెన్ అనే డచ్ శాస్త్రవేత్త దాని దగ్గరి చుట్టమైన హెర్రింగ్ గల్ మీద ఈ చుక్క సంగతి పరీక్షించాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ చుక్కనే పొడుస్తుంది, పొడిస్తే తల్లి మేత కక్కి పెడుతుంది. ఆయన అట్టముక్కలతో ఉత్తుత్తి తలలు చేసి చూపించాడు. చివరికి తలే లేకుండా, తెల్ల పట్టీలున్న ఎర్ర పుల్ల చూపిస్తే పిల్లలు అసలు తల్లి ముక్కు కంటే దాన్నే ఎక్కువ పొడిచాయి. జంతువుల ప్రవర్తన మీద చేసిన ఇలాంటి పనికే 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. గల్స్‌ను చూస్తూ కూర్చోవడం పనిలేని పని అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. (నవ్వులు)

ఇంకొకటి దగ్గరగా చూడాల్సింది ఉంది. గల్ ఉప్పునీరు తాగాక కాసేపటికి తల విదిలిస్తుంది. ముక్కు కొస నుంచి చుక్కలు రాలతాయి. జలుబు కాదది. కంటి పైన ఉప్పును వడకట్టే గ్రంథులున్నాయి, రక్తంలో ఎక్కువైన ఉప్పు చిక్కటి ద్రావణంగా ముక్కు రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. సాయంత్రం ఎండ పక్కవాటుగా పడుతుంటే ఆ చుక్క మెరవడం స్కోపులో స్పష్టంగా తెలుస్తుంది.

టెర్నులను గల్స్‌తో కలిపేయకండి. సన్నటి ఒళ్లు, కోసు రెక్కలు, ముక్కు నీటి వైపు దించి ఎగురుతాయి. నీటి మీద ఒక చోట టెర్నులు వరసగా పడుతున్నాయంటే కింద చేప గుంపు ఉన్నట్టు. బోటు మీదవాళ్లు అది చూసే వల దిశ మార్చుకుంటారు. అన్నిట్లోకీ పెద్దది క్యాస్పియన్ టెర్న్, క్యారెట్టంత ఎర్రటి ముక్కు. ఇసుక మేట మీద ఒక పెద్ద టెర్న్ పక్కన దాదాపు అంతే ఉన్న పిల్ల ఒకటి ఒంగి కూర్చుని గీపెడుతుంటే కాసేపు అక్కడే ఆగండి. ఇవి పిల్లల్ని వలస దారంతా వెంటపెట్టుకొస్తాయి, ఇక్కడికొచ్చాక కూడా నెలల తరబడి మేత పెడతాయి. ఆ పిల్లకు ఎగరడం వచ్చు, సొంతంగా చేప పట్టడం మాత్రం అంత తొందరగా రాదు. గల్-బిల్డ్ టెర్న్ ఇంకో రకం, నల్లటి దళసరి ముక్కు. అది నీటిలో మునగదు, బురద మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ వంగి పీతను ఎత్తుకుపోతుంది. దానికీ బురదే ఆధారం.

అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్ కూడా కనిపిస్తుంది. నారింజ రంగు ముక్కు, పై దవడ కంటే కింది దవడ పొడుగు. నోరు తెరిచి ఆ కింది దవడను నీటిలో గీత గీస్తున్నట్టు దించి ఎగురుతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక మేటల మీద గుడ్లు పెట్టి చలికాలానికి మన వైపు వస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఎదిగినవి మూడు వేల లోపే ఉంటాయని అంచనా. అలాంటి పిట్ట, మనం ముక్కు మూసుకుని దాటిపోయే చోట గుంపుగా దిగి కూర్చుంటుంది.

బురద పోతే ఏమవుతుందో చెప్పడానికి కొరియా దాకా వెళ్తాను, ఏమీ అనుకోకండి. గ్రేట్ నాట్ అని ఒక పిట్ట, ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెడుతుంది, మన తీరంలో కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. దక్షిణ కొరియాలో సెమాంగుమ్ అనే చోట పెద్ద బురద మైదానం ఉండేది. దారిలో ఆగి కొవ్వు పట్టడానికి ఈ పిట్టలు వేల సంఖ్యలో అక్కడ దిగేవి. 2006లో 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి ఆ బురదకు పోటు నీరు రాకుండా మూసేశారు. పిట్టలు పక్క తీరానికి సర్దుకుంటాయిలే అనుకున్నారు. సర్దుకోలేదు. అక్కడ తగ్గినన్ని ఇంకెక్కడా పెరగలేదు, ఇవి ఎక్కువగా చలికాలం గడిపే ఆస్ట్రేలియాలో లెక్కలు కూడా పడిపోయాయి. ఇప్పుడు గ్రేట్ నాట్ అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. పక్క తీరంలో ఖాళీ విస్తళ్లు ఉండవు, అక్కడివి అక్కడ తింటూనే ఉంటాయి కదా.

ఈ ప్రయాణాలు ఎంత దూరమో చెప్పడానికి ఒక లెక్క. మన దారి పిట్ట కాదుగానీ, 2022 అక్టోబరులో ట్రాన్స్‌మిటర్ తగిలించిన ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా ఆగకుండా ఎగిరింది. దాని వయసు ఐదు నెలలు. నేల మీద వాలకుండా పదకొండు రోజులు ఎగరాలంటే ఆ ఇంధనం అంతా ఒంట్లో కొవ్వుగా ఉండాలి, ఆ కొవ్వు ఏదో ఒక బురదలోంచి రావాలి.

అందుకే మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను. మడ మొక్కలు నాటే కార్యక్రమాలంటే మనందరికీ ఉత్సాహం. తప్పు కాదు, నరికిన చోట నాటాల్సిందే. కానీ ఎప్పుడూ చెట్టు లేని ఖాళీ బురద కనిపించగానే అక్కడ కూడా నాటేద్దామనుకోవడం సరికాదు. కర్లూ, గాడ్‌విట్, ప్లోవర్ చెట్ల మధ్య మేయవు. వాటికి నాలుగు దిక్కులా కనపడాలి, డేగ వస్తోందేమో చూసుకోవాలి. మడ అడవి ఎంత అవసరమో దాని ముందున్న ఖాళీ బురద కూడా అంతే అవసరం. పచ్చగా లేనిదంతా బీడు అనుకునే అలవాటు మనకు గట్టిగా పట్టేసింది. ఆఫీసు కాగితాల్లో ‘నిరుపయోగం’ అని పడితే చాలు, తర్వాత రొయ్యల చెరువో, మెరక చేసిన స్థలమో అవుతుంది. పడక ముందే అక్కడేమున్నాయో లెక్క ఉండాలి.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఏటా జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటే ఆసియా నీటి పిట్టల లెక్క, జరుగుతుంది, 1987లో మొదలైంది. మీలాంటివాళ్లు చేసే పనే అది. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే మధ్యలో ఎగిరిపోతాయి. ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, గుంపులో అలాంటి ముక్కలు ఎన్నున్నాయో చూడండి. వేలల్లో ఉంటే వందల ముక్కలు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి. పేరు తెలియనివాటిని కూడా లెక్కలో ఉంచండి. అవన్నీ ఈబర్డ్‌లో, అంటే పిట్టల జాబితాలు అందరూ పెట్టే వెబ్‌సైటులో, పెడితే మీ జాబితా ఎవరికైనా పనికొస్తుంది, ఫోనులో ఉంటే మీకే పనికిరాదు.

హార్బరులో ఎలా ఉండాలో రెండు ముక్కలు. అది వాళ్ల పనిచోటు. బుట్టలు మోసే అమ్మలకు దారివ్వండి. చేప దించుతుంటే అడ్డంగా ట్రైపాడ్ పెట్టకండి. అడగకుండా మనుషుల ఫొటోలు తీయకండి. ‘బాబాయ్, ఇవాళ పిట్టలెటున్నాయి?’ అని పలకరిస్తే ఎవరైనా చెప్తారు, వాళ్లు రోజూ చూసేవే కదా. ఇంకా, బురద మీద సేద తీరుతున్న గుంపులోకి పరిగెత్తి, అవి లేచాక ఫొటో తీసే రకం ఒకరు ప్రతి బృందంలో ఉంటారు. రేపు మీ బృందంలో ఉండకూడదు. పోటు వేళ వాటికి నిలబడటానికి ఉన్న చోటే కాస్త, కుక్కలు తరిమేవి చాలక మనం కూడానా? డ్రోన్ల సంగతి సరేసరి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: కాలికి రంగు పట్టీ ఉన్న పిట్ట కనిపిస్తే ఏం చేయాలండీ?)

మంచి ప్రశ్నమ్మా. పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కట్టే పట్టీ అది. ముందు ఏ కాలికో చూడండి, కుడా ఎడమా, పిట్టకు కుడి సుమా, మీకు కాదు. పట్టీ మోకాలి పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు, అక్షరాలుంటే ఏవి. ఫొటో మసకగా ఉన్నా పరవాలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఎక్కడ కట్టిన పట్టీయో కనుక్కుని చెప్తారు. చచ్చిన పిట్టకు ఉంటే మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోకండి, ఫొటో తీసి అటవీ శాఖకు చెప్పండి.

(సభలోంచి: మాస్టారూ, వేసవిలో వెళ్తే ఏమీ ఉండవా?)

గల్స్ చాలామటుకు వెళ్లిపోతాయి. మన వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కదా, ఆ లోపే. ఆ రెండు నెలలూ హార్బరు ఖాళీ. కానీ తొలి ఏడాది పిల్లలు కొన్ని ఇక్కడే ఉండిపోతాయి, ఎలాగూ గుడ్లు పెట్టే వయసు రాలేదు కాబట్టి. కొంగలు, నీటికాకులు, గరుడ పక్షులు మన సొంతవే, ఏడాదంతా ఉంటాయి. ఇసుక మీదే గుడ్లు పెట్టే చిన్న పిట్టలున్నాయి, వేసవిలో ఖాళీ ఇసుక మేటల మీద నడిచేటప్పుడు అడుగు చూసి వేయండి. జీపు, బైకు అసలే వద్దు.

(సభలోంచి: ఢిల్లీలో యమున ఒడ్డున గల్స్‌కు కారప్పూస వేస్తుంటే చేతి మీదికొచ్చాయి. ఇక్కడ వేయొచ్చా?)

వేయకండి. ఫొటో బాగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది శనగపిండి, నూనె, ఉప్పు, కారం. ఉప్పును వడకట్టే ఏర్పాటు ఉందన్నాను కదా అని ఉప్పు పెట్టమని కాదు! మేత సులువుగా దొరికే చోట గుంపు చేరితే కొట్లాటలు ఎక్కువ, రోగం ఒకదాని నుంచి ఒకదానికి పాకడం ఎక్కువ, కాకులూ కుక్కలూ కూడా అక్కడికే చేరతాయి. మార్చిలో టిబెట్ దాకా పోవాల్సిన పిట్టకు కావాల్సింది చేప. హార్బరులో దాని పాట్లు అది పడుతుంది. కారప్పూస మీరు తెచ్చుకోండి, మీరే తినండి, ఎదురుచూడటంలో ఆకలి బాగా వేస్తుంది. తిన్న చేత్తో మాత్రం నా స్కోపు ముట్టుకోకండి. రేపు మధ్యాహ్నం రెండున్నరకు హార్బరు గేటు దగ్గర కలుద్దాం, పాత చెప్పులు వేసుకురండి.